సముద్రం పైన గడ్డకడితే కింద చేపలు ఎందుకు గడ్డకట్టవు? (ధ్రువాల మంచు కింద బతుకు, తెలిసినవాళ్ళు చెప్పండి)

తణుకు_శ్రీను · ఆదివారం, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఎనిమిదో క్లాసు. చెరువు మీద మంచు కట్టినా అడుగున 4 డిగ్రీల నీళ్ళుంటాయి, అందుకే చేపలు బతుకుతాయి అని సైన్సు పుస్తకంలో చదివింది. "అంటార్కిటికా సముద్రంలో కూడా అంతేనా నాన్నా?" అని అడిగింది. అవునని అనబోయి ఆగాను. అక్కడ ఉప్పునీళ్ళు కదా, లెక్క మారుతుందేమోనని అనుమానం.

ఇంకోటి. మంచు కింద నుంచి తెల్లటి గొట్టం ఒకటి సముద్రం అడుగుదాకా దిగి నక్షత్రచేపల్ని చంపేసే వీడియో చూసిందట. అది నిజమా, గ్రాఫిక్సా? కాస్త వివరంగా చెప్పండి, ఇంట్లో నా పరువు మీ చేతుల్లో ఉంది 🙂

ఫిజిక్స్_పంతులు · ఆదివారం, రాత్రి 9:25

శ్రీనుగారూ, మంచిపని చేశారు ఆగి. 4 డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువెక్కడం మంచినీళ్ళ గుణం. లీటరుకి సుమారు 25 గ్రాములు దాటి ఉప్పుంటే ఆ గుణం పోతుంది. గడ్డకట్టేదాకా చల్లబడే కొద్దీ బరువెక్కుతూనే ఉంటుంది. సముద్రంలో ఉప్పు 35 గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి అది గడ్డకట్టేది సున్నా దగ్గర కాదు, మైనస్ 1.9 దగ్గర. పుస్తకంలో చెరువు బొమ్మ ఇక్కడ పనికిరాదు. అంటార్కిటికాలో మెక్‌మర్డో సౌండ్ అనే చోట మంచు కింద నీళ్ళు దాదాపు ఏడాదంతా మైనస్ 1.9 దగ్గరే ఉంటాయి. చేపలు తిరిగేది ఆ నీళ్ళలోనే.

మరి అడుగుదాకా ఎందుకు గడ్డకట్టదంటే, మంచు వేడిని అంత తేలిగ్గా పోనివ్వదు. దానిమీద పడ్డ స్నో ఇంకా పోనివ్వదు. మందం పెరిగే కొద్దీ కిందనీళ్ళు చల్లబడడం మందగిస్తుంది. అందుకే మెక్‌మర్డోలో చలికాలం అంతా గడిచినా మంచు రెండు మీటర్ల దగ్గర ఆగుతుంది.

ఆ వీడియో నిజమే. బీబీసీ కెమెరావాళ్ళు మెక్‌మర్డో ప్రాంతంలోనే నీటి కింద తీశారు, 2011లో ప్రసారమైంది. నీళ్ళు గడ్డకట్టేటప్పుడు ఉప్పు మంచులో ఇమడదు. కొంత సన్నటి గొట్టాల్లో చిక్కటి ఉప్పునీరుగా ఉండిపోతుంది, కొంత కిందికి కారుతుంది. కారే ఉప్పునీరు చుట్టూ ఉన్న నీళ్ళకంటే చాలా చల్లన, చాలా బరువు. అది నిలువుగా దిగుతూంటే తగిలిన సముద్రపు నీళ్ళు గడ్డకట్టి చుట్టూ మంచుగొట్టం పెరుగుతుంది. అడుగు తాకితే ఉప్పునీరు నేలమీద పారుతూ పోతుంది. నక్షత్రచేపలూ సముద్రపు ముళ్ళకాయలూ మెల్లగా నడిచేవి, తప్పించుకోలేవు. దీన్ని బ్రినికిల్ అంటారు.

తణుకు_శ్రీను · ఆదివారం, రాత్రి 9:41

మాస్టారూ ధన్యవాదాలు. కానీ ప్రశ్న ఇంకా ముదిరింది. నీళ్ళే మైనస్ 1.9లో ఉంటే చేప ఒంట్లో రక్తం గడ్డకట్టాలి కదా?

ట్రోమ్సో_వాణి · సోమవారం, తెల్లవారుజామున 2:15

నార్వేలో ఉంటున్నాను, నా పని సముద్రపు మంచులో పెరిగే నాచుమీద. చేపలు నా సబ్జెక్టు కాదు గానీ ఈ కథ మా రంగంలో అందరికీ తెలిసిందే.

మామూలు సముద్రపు చేప రక్తంలో ఉప్పు సముద్రంలో కంటే తక్కువ. అందుకని మైనస్ 0.7, 0.8 దగ్గరే గడ్డకడుతుంది. ఆ లెక్కన మెక్‌మర్డోలో ఒక్క చేప కూడా మిగలకూడదు. 1960లలో ఆర్థర్ డెవ్రీస్ అనే కుర్ర పరిశోధకుడు అక్కడికి వెళ్ళి ఈ చిక్కు మీదే కూర్చున్నాడు. రక్తంలో ఉప్పంతా లెక్కేసినా మైనస్ 1.9 రావట్లేదు, ఇంకేదో ఉంది. చివరికి తేలింది చక్కెర అణువులు తగిలించుకున్న ఒక ప్రోటీన్. పేరు యాంటీఫ్రీజ్ గ్లైకోప్రోటీన్.

కారు రేడియేటర్లో పోసే యాంటీఫ్రీజ్‌తో దీన్ని కలిపేయకండి, పని వేరు. అది నీళ్ళలో ఎంత కలిపితే గడ్డకట్టే డిగ్రీ అంత దిగుతుంది. ఇది మంచు పుట్టకుండా ఆపదు. అతి చిన్న మంచు స్ఫటికం ఒంట్లోకి దూరగానే దాని అంచులకి అతుక్కుని ఇంకా పెరగనివ్వదు. అంటే ఆ చేపల ఒంట్లో మంచు నిజంగానే ఉంటుంది! మొప్పల ద్వారానో తిండితోనో చేరుతూనే ఉంటుంది, ప్లీహంలో పోగవుతుంది.

ఇక్కడే ఒక తిరకాసు. ఆ ప్రోటీన్ స్ఫటికాన్ని పెరగనివ్వదు సరే, కరగనివ్వదు కూడా. నీళ్ళు కాస్త వెచ్చబడినా లోపలి మంచు వెంటనే కరగట్లేదని 2014లో ఒక బృందం చూపించింది. ప్రాణం నిలబెట్టిన మందే ఒంట్లో మంచుముక్కల్ని కూడా కాపలా కాస్తోంది. పరిణామం అంటే అన్నీ చక్కగా అమర్చుకుంటూ పోయేది అనుకునేవాళ్ళకి ఈ చేపని చూపించాలి.

ఈ ప్రోటీన్ జన్యువు ఎక్కడిదో తెలుసా? క్లోమంలో తిండి అరిగించే ఎంజైముకి మూలమైన ట్రిప్సినోజెన్ జన్యువులో కొంత ముక్క మారి, అందులో చిన్న భాగం మళ్ళీ మళ్ళీ రిపీట్ అయి వచ్చింది. 1997లో తేల్చారు. ఆర్కిటిక్‌లో పోలార్ కాడ్ అనే చేపలో దాదాపు ఇలాంటి ప్రోటీనే ఉంది గానీ అది ఈ జన్యువు నుంచి రాలేదు. రెండు ధ్రువాల్లో రెండు వేరు దార్లలో అదే చోటికి చేరాయి.

చలికి ఇంతగా అలవాటు పడ్డందుకు మూల్యం కూడా ఉంది. మెక్‌మర్డో చేపల్ని మెల్లగా వెచ్చబెట్టి చూస్తే ప్లస్ 6 డిగ్రీల దగ్గర చచ్చిపోయాయి. వేడి దెబ్బకి! 1967లో వచ్చిన పరిశోధన అది.

మిరపకాయ్_బజ్జీ · సోమవారం, ఉదయం 7:50

అంటే మన ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టినా వడదెబ్బ తగులుతుందా ఆ చేపకి 😂

వాణి అక్కా, ఆ ప్రోటీన్ ఐస్‌క్రీములో వేస్తారని ఎక్కడో విన్నాను. పుకారేనా?

ట్రోమ్సో_వాణి · సోమవారం, మధ్యాహ్నం 1:05

పుకారు కాదు తమ్ముడూ. అంటార్కిటికా చేపది కాదు, ఉత్తర అట్లాంటిక్‌లో ఓషన్ పౌట్ అనే చేప ప్రోటీన్. జన్యువు ఈస్ట్‌లో పెట్టి తయారుచేస్తారు, చేపని పిండరు. మంచు పలుకులు పెద్దవి కాకుండా ఐస్‌క్రీము నున్నగా ఉంటుంది. అమెరికాలో 2003లోనూ, యూరప్‌లో 2009లోనూ అనుమతి వచ్చింది.

రాణీ_కె · సోమవారం, మధ్యాహ్నం 1:30

రక్తం తెల్లగా ఉండే చేప కూడా అక్కడిదేనా? చిన్నప్పుడు ఎక్కడో చదివినట్టు గుర్తు.

ట్రోమ్సో_వాణి · సోమవారం, మధ్యాహ్నం 1:52

అవునండి, ఐస్‌ఫిష్. హిమోగ్లోబిన్ ఉండదు, రక్తం నీళ్ళలా ఉంటుంది. యోహాన్ రూడ్ అనే నార్వే శాస్త్రవేత్త 1954లో దాన్ని పరీక్షించి రాశాడు. చల్లటి నీళ్ళలో ఆక్సిజన్ ఎక్కువ కరుగుతుంది కాబట్టి ప్లాస్మాలో కరిగినదాంతోనే నెట్టుకొస్తాయి. గుండె పెద్దది, రక్తనాళాలు వెడల్పు, మొత్తం రక్తం కూడా ఎక్కువే. వెన్నెముక ఉన్న జంతువుల్లో పెద్దయ్యాక కూడా హిమోగ్లోబిన్ లేకుండా బతికేవి ఈ కుటుంబం చేపలే.

వైజాగ్_డైవర్ · సోమవారం, రాత్రి 10:10

చేపల సంగతి సరే, వాటిని చూడ్డానికి దిగేవాళ్ళ సంగతి ఎవరూ ఎత్తట్లేదు. నేను ఋషికొండ వైపు స్కూబా చేస్తాను. మంచు కింద ఎప్పుడూ దిగలేదు గానీ అక్కడి డైవింగ్ పద్ధతులు వదలకుండా చదివాను.

మామూలు డైవింగ్‌లో ఏ తేడా వచ్చినా పైకి వస్తే గాలి ఉంటుంది. మంచు కింద పైకి వస్తే తల మంచుకి కొట్టుకుంటుంది. బయటపడే దారి దిగిన కన్నం ఒక్కటే. మెక్‌మర్డోలో మనిషి పట్టేంత కన్నం డ్రిల్లుతో తొలిచి, దానిమీద హీటర్ ఉన్న చిన్న గుడిసె లాక్కొచ్చి పెడతారు. కన్నంలోంచి బరువు కట్టిన తాడు ఒకటి కిందికి వదిలి, దానికి జెండాలూ, మినుకుమినుకుమనే లైట్లూ కడతారు. దూరం నుంచి కన్నం కనపడాలని.

ఎక్కువ భయం రెగ్యులేటర్‌తో, అంటే సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరంతో. సిలిండర్లో ఒత్తిడిలో ఉన్న గాలి ఒక్కసారి వ్యాకోచిస్తే బాగా చల్లబడుతుంది. నోటి తేమ అక్కడే గడ్డకట్టి వాల్వు తెరుచుకుని ఉండిపోతుంది. ఇక గాలి బుసబుసమని పోతూనే ఉంటుంది, ఆగదు. దీన్నే ఫ్రీ ఫ్లో అంటాం. మా దగ్గర నీళ్ళలో దిగేముందు పైనే రెండు గుక్కలు పీల్చి చూసుకోవడం అలవాటు. అక్కడ ఆ అలవాటే ప్రమాదం, ఊపిరి తేమ బయటి చలికి లోపలే గడ్డకడుతుంది. తల నీళ్ళలో మునిగాకే మొదటి శ్వాస. పైగా ఒకటి మొరాయిస్తే రెండోది ఉండాలని సిలిండర్‌కి వేరువేరుగా రెండు రెగ్యులేటర్లు.

ఇంత కష్టానికి బదులుగా దొరికేది చూపు. వసంతంలో, అంటే అక్కడ అక్టోబరు నవంబరు నెలల్లో, నీళ్ళలో నాచు ఇంకా పెరగదు కాబట్టి 200 మీటర్లు దాటి కూడా కనిపిస్తుందట. మాకు 5 మీటర్లు కనిపిస్తే ఆరోజు పండగే.

తణుకు_శ్రీను · సోమవారం, రాత్రి 10:32

చదువుతుంటేనే టెన్షన్‌గా ఉందండీ. ఆ కన్నంలోకి సీల్ వచ్చేస్తే?

వైజాగ్_డైవర్ · సోమవారం, రాత్రి 10:50

వస్తాయి! వాటికి అది ఊపిరి పీల్చుకునే రెడీమేడ్ కన్నం. వెడ్డెల్ సీల్ వచ్చి తల పెడితే డైవర్లు ఆగి దారివ్వాల్సిందే. గంటకి పైగా ఊపిరి బిగబట్టి, 600 మీటర్లు దాటి దిగగల జంతువు పైకొచ్చి గాలి అడుగుతుంటే అడ్డం నిలబడతామా? సొంత కన్నాలు మూసుకుపోకుండా పళ్ళతో మంచుని గీరుతూనే ఉంటుంది. వయసయ్యే కొద్దీ పళ్ళు అరిగిపోతాయి.

వేట ఇంకా బాగుంటుంది. మంచు అడుగున పగుళ్ళలో చిన్న చేపలు దాక్కుంటాయి. సీల్ కింద నుంచి ఆ పగుల్లోకి గాలిబుడగలు ఊదుతుంది, చేప బెదిరి బయటికొస్తుంది. సీళ్ళకి కెమెరాలు కట్టి చూసి 1999లో రాశారు.

సందేహాల_సుబ్బారావు · మంగళవారం, ఉదయం 6:20

అంతా బాగుంది. నాకు అర్థంకానిది ఒకటే. రెండు మీటర్ల మంచు, దానిమీద స్నో, చలికాలంలో నెలల తరబడి సూర్యుడే ఉండడు. ఎండ లేకపోతే మొక్క లేదు, మొక్క లేకపోతే తిండి లేదు. మరి ఇన్ని చేపలు, సీళ్ళు తినేదేమిటి? వాణిగారు నాచు అన్నారు. చీకట్లో నాచేమిటండీ?

ట్రోమ్సో_వాణి · మంగళవారం, మధ్యాహ్నం 3:40

సుబ్బారావుగారూ, ఇప్పుడు నా సొంత వీధిలోకి వచ్చారు, కాస్త పెద్ద పోస్టు పెడతాను.

మంచులో కోర్ తీయడమంటే, మోటారుతో తిరిగే బోలు గొట్టాన్ని పైనుంచి కిందిదాకా దింపి తొమ్మిది సెంటీమీటర్ల మందం మంచుకడ్డీని పైకి లాగడం. పైభాగమంతా తెలుపు, కొంచెం నీలం. కింది చివర చూస్తే రెండు మూడు సెంటీమీటర్ల మేర కాఫీ డికాక్షన్ రంగు. ఆ గోధుమరంగంతా డయాటమ్‌లు, ఒక్క కణంతో ఉండే నాచు. మంచు పూర్తిగా గట్టిపడని ఆ అంచులో సన్నటి ఉప్పునీటి గొట్టాలున్నాయని పంతులుగారు చెప్పారు కదా, వాటిల్లో కాపురం. ఆ ముక్కని రంపంతో కోసి డబ్బాలో వేసి, వడకట్టిన సముద్రపు నీళ్ళు పోసి చీకట్లో మెల్లగా కరిగిస్తాం. ఉప్పునీళ్ళు పొయ్యకపోతే కరిగిన మంచులో ఉప్పు చాలక కణాలు ఉబ్బి పగిలిపోతాయి, శాంపిల్ గోవిందా.

వెలుగు సంగతి. స్నో ఉన్న మంచు గుండా కిందికి దిగే వెలుగు పైన పడ్డదాంట్లో నూరో వంతుకి లోపే. వీటికి అదే చాలు. ఎంత తక్కువ చాలు? 2019 సెప్టెంబరులో పోలార్‌స్టెర్న్ అనే జర్మన్ ఓడని ఆర్కిటిక్ మంచులో కావాలనే ఇరికించి, 2020 శరత్తు దాకా మంచుతోపాటు కొట్టుకుపోనిచ్చారు. మోజాయిక్ యాత్ర అంటారు. ధ్రువరాత్రి ముగిసి సూర్యుడు ఇంకా సరిగా తొంగిచూడని మార్చి నెలాఖరులో, 88 డిగ్రీల ఉత్తరాన, మంచు కింద నాచు పెరగడం మొదలైపోయింది. కంటికి కటిక చీకటి అనిపించే వెలుగది. 2024లో ఆ ఫలితం వచ్చింది.

వసంతంలో ఈ నాచు తొలి తిండి. నీళ్ళలో నాచు పెరగడానికి ఇంకా టైముంటుంది, ఆ లోపు మంచు అడుగున మేత సిద్ధం. రొయ్యజాతి బుల్లి జీవులు తలకిందులుగా పాకుతూ మేస్తాయి. అంటార్కిటికాలో పసి క్రిల్ (ఇదీ రొయ్యలాంటి చిన్న జీవే) చలికాలమంతా మంచు అడుగున గీక్కుని తినే గట్టెక్కుతుంది. ఆర్కిటిక్‌లో పోలార్ కాడ్ పిల్లలు మంచు సందుల్లో ఉంటాయి. మెలోసీరా అనే ఇంకో నాచు మంచునుంచి మీటర్ల పొడవున వేలాడుతుంది. 2012లో మంచు బాగా కరిగిన ఏడాది అది ఊడి, 4 వేల మీటర్ల లోతున సముద్రం అడుక్కి చేరి కుప్పలుగా పడి ఉండడం చూశారు. అక్కడి సముద్రదోసకాయలకి విందు.

ఇంకోటి: 2011లో అలాస్కా పైన చుక్చీ సముద్రంలో అమెరికా ఓడ ఒకటి మంచులోకి వెళ్తుంటే, నీళ్ళలో నాచు తగ్గాల్సింది పోయి పెరిగిపోయింది. మీటరు మందం మంచు కింద, వంద కిలోమీటర్లు దాటి లోపలిదాకా. పైన మంచు కరిగి నిలిచిన నీటి మడుగులు వెలుగుని కిందికి వదలడమే కారణం. అంతకుముందు శాటిలైట్లు పైనుంచి చూసి అక్కడేమీ లేదని లెక్కగట్టేవి. మంచు కింద ఏముందో మంచు పైనుంచి ఎలా కనిపిస్తుంది?

సందేహాల_సుబ్బారావు · మంగళవారం, సాయంత్రం 5:00

బాగా చెప్పారమ్మా. డికాక్షన్ అర్థమైంది.

కోడ్_కామేశ్ · మంగళవారం, రాత్రి 11:15

శాటిలైట్ చూడలేదు, మనిషి ఎక్కువసేపు ఉండలేడు, కాబట్టి రోబోలు. నేను రోబోటిక్స్‌లో ఉన్నాను, ఇది వినడానికి తేలిక, చెయ్యడానికి చుక్కలు కనిపిస్తాయి.

నీళ్ళలో రేడియో పోదు, అంటే జీపీఎస్ లేదు. మామూలు సముద్రంలో రోబో దారి తప్పితే పైకి తేలి ఎక్కడున్నానో చూసుకుంటుంది, సిగ్నల్ పంపుతుంది. మంచు కింద ఆ అవకాశం లేదు. శబ్దంతో మాట్లాడాలి, లేదా కేబుల్ కట్టి పంపాలి. కేబుల్ కడితే పోదు, కానీ దాని పొడవే హద్దు. కేబుల్ లేకుండా వదిలితే వందల కిలోమీటర్లు తిరుగుతుంది, తిరిగొస్తుందన్న గ్యారంటీ లేదు.

బ్రిటిష్‌వాళ్ళ ఆటోసబ్-2 వెడ్డెల్ సముద్రంలో మంచు కింద తిరిగి, క్రిల్ అంతా మంచు అంచునుంచి లోపలికి కొన్ని కిలోమీటర్ల పట్టీలోనే గుమిగూడి ఉందని చూపించింది. ఆ యాత్ర 2001లో. అదే రోబో 2005లో ఫింబుల్ ఐస్ షెల్ఫ్ కిందికి వెళ్ళి తిరిగి రాలేదు. స్వీడన్‌వాళ్ళ రాన్ 2022లో డాట్సన్ ఐస్ షెల్ఫ్ కింద వెయ్యి కిలోమీటర్లకి పైగా తిరిగి మంచు అడుగుభాగం మ్యాపు గీసింది. 2024 జనవరిలో మళ్ళీ అక్కడికే వెళ్ళి, కలుస్తానన్న చోటికి రాలేదు. ఏమైందో చెప్పడానికి అదీ లేదు.

నాకు నచ్చేవి మాత్రం చవకరకాలు. ఆర్గో ఫ్లోట్లని ఉన్నాయి, లోతుకి దిగి పైకి తేలుతూ ఉష్ణోగ్రత, ఉప్పు కొలిచి శాటిలైట్‌కి పంపుతాయి. ధ్రువాల దగ్గర తేలేటప్పుడు పైపొర నీళ్ళు దాదాపు మైనస్ 1.8 అయితే "పైన మంచుంది" అనుకుని వెనక్కి దిగిపోతాయి, డేటా దాచుకుని మంచు పోయాక పంపుతాయి. థర్మామీటర్ తప్ప వేరే తెలివి అక్కర్లేదు! మన దేశపు ఆర్గో పని చూసేది హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఉన్న ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం. ఇంకా చవక కావాలంటే ఏనుగు సీళ్ళు. తలమీద సెన్సారు అంటిస్తారు, అది దిగినప్పుడల్లా కొలుస్తుంది, ఏడాదికోసారి బొచ్చు రాలినప్పుడు సెన్సారు కూడా రాలిపోతుంది. ఓడలు వెళ్ళలేని చలికాలపు డేటా చాలావరకు వాటి దయే.

మిరపకాయ్_బజ్జీ · మంగళవారం, రాత్రి 11:31

జీతం లేని ఫీల్డ్ స్టాఫ్

రాణీ_కె · బుధవారం, ఉదయం 9:05

కామేశ్‌గారూ, ఐస్ షెల్ఫ్ అంటున్నారు, మొదట్లో సముద్రపు మంచు అన్నారు. రెండూ ఒకటేనా?

ఫిజిక్స్_పంతులు · బుధవారం, ఉదయం 10:20

కాదమ్మా. సముద్రపు మంచు సముద్రపు నీళ్ళే గడ్డకట్టింది, మీటరూ రెండు మీటర్లూ. అంటార్కిటికా చుట్టూ ఏటా సెప్టెంబరుకి సుమారు 180 లక్షల చదరపు కిలోమీటర్లకి పెరిగి, ఫిబ్రవరికి 30 లక్షలకి తగ్గుతుంది. ఐస్ షెల్ఫ్ భూమిమీది హిమానీనదం జారి సముద్రంమీద తేలే భాగం, వందల మీటర్ల మందం, మంచినీటి మంచు. మొదటిదాని కింద కొద్దోగొప్పో వెలుగు దిగుతుంది. రెండోదాని కింద ఏమాత్రం దిగదు.

అయినా అక్కడా ఉన్నారు జనం! 2010 చివర్లో రాస్ ఐస్ షెల్ఫ్‌కి కన్నం వేసి చిన్న రోబోని దింపితే, మంచు అడుగున తలకిందులుగా పాతుకుని వేలాడుతున్న సముద్రపు పువ్వులు, వేల కొద్దీ. అంతకుముందు ఎవరూ చూడని జాతి. వెళ్ళింది రోబో పనిచేస్తుందో లేదో చూడ్డానికి, జీవశాస్త్రవేత్త ఎవరూ వెంట లేరు. 2015లో అదే ఐస్ షెల్ఫ్ మీద, తెరిచిన సముద్రానికి 850 కిలోమీటర్ల లోపల, 740 మీటర్ల మంచుకి వేడినీళ్ళతో కన్నం పొడిస్తే, అడుగున పది మీటర్ల మందం నీటిపొరలో చేపలు కనిపించాయి. 2021లో ప్రకటించింది ఇంకో వింత. ఫిల్క్‌నర్-రోనె ఐస్ షెల్ఫ్ కింద మట్టి నమూనా కోసం దించిన గొట్టం బండకి తగిలింది. మట్టి తియ్యడానికి వచ్చినవాళ్ళకి విసుగే గానీ, కెమెరాలో ఆ బండమీద స్పాంజిలు! సముద్రం అంచుకి 260 కిలోమీటర్లు లోపల.

ఇవన్నీ వెతికి పట్టుకున్నవి కావు, తగిలినవి. వేసిన కన్నాలు బహు తక్కువ, వేసినచోట్ల ఏదో ఒకటి కనిపిస్తోంది.

ట్రోమ్సో_వాణి · బుధవారం, మధ్యాహ్నం 2:00

పంతులుగారి మాటకి తోడుగా: 2021 ఫిబ్రవరిలో అదే పోలార్‌స్టెర్న్ వెడ్డెల్ సముద్రంలో కెమెరాని అడుక్కి దగ్గరగా లాక్కుంటూ వెళ్తుంటే తెరమీద చేపగూళ్ళు. గుండ్రంగా ముప్పావు మీటరు వెడల్పు, చాలా గూళ్ళకి ఒక ఐస్‌ఫిష్ కాపలా, సగటున 1,700 గుడ్లు. ఓడ పోతూనే ఉంది, గూళ్ళు వస్తూనే ఉన్నాయి. 240 చదరపు కిలోమీటర్లలో 6 కోట్ల గూళ్ళుంటాయని అంచనా కట్టారు. అక్కడ అడుగునీళ్ళు చుట్టుపక్కలకంటే దాదాపు 2 డిగ్రీలు వెచ్చన. సీళ్ళు కూడా ఆ చోటుకే ఎక్కువగా వచ్చి మునుగుతున్నాయని పాత ట్యాగ్ డేటాలో ఉంది. సీళ్ళకి ముందే తెలుసన్నమాట.

సందేహాల_సుబ్బారావు · బుధవారం, రాత్రి 8:15

మళ్ళీ నా సందేహం. మంచు తగ్గితే వెలుగు పెరుగుతుంది, నాచు పెరుగుతుంది, తిండి పెరుగుతుంది. మంచిదే కదా? ఎందుకింత గోల?

ట్రోమ్సో_వాణి · గురువారం, తెల్లవారుజామున 1:30

కొన్ని చోట్ల నీళ్ళలో నాచు పెరుగుతోంది, నిజం. ఆర్కిటిక్‌లో అది కొలిచి చూశారు కూడా. కానీ మంచు అడుగున కాపురముండేవాటికి ఇల్లే పోతుంది కదండీ. పసి క్రిల్‌కి చలికాలంలో తిండి మంచు అడుగునే. వేసవిలో నీళ్ళలో ఎంత పండినా చలికాలంలో దానికి అందదు. ఆర్కిటిక్‌లో మంచు నాచు కోతకి రావడాన్ని బట్టి గుడ్లు పెట్టే జీవులున్నాయి, నాచు ముందే అయిపోతే పిల్లలు పుట్టేసరికి మేత ఉండదు.

పైన ఉండేవాళ్ళకీ దెబ్బే. 2022లో బెల్లింగ్స్‌హౌసెన్ సముద్రం దగ్గర మంచు ముందే విరిగి, ఐదు ఎంపరర్ పెంగ్విన్ కాలనీల్లో నాలుగింట్లో పిల్లలు బతికి బట్టకట్టలేదు. ఈత ఈకలు రాకముందే కాళ్ళకింద మంచు పోయింది. 2023 ఫిబ్రవరిలో అంటార్కిటికా మంచు 17.9 లక్షల చదరపు కిలోమీటర్లకి పడిపోయింది, శాటిలైట్ రికార్డుల్లో అంత తక్కువ ఎప్పుడూ లేదు. "మంచు తగ్గితే మంచిదే"నని నాకు మాత్రం అనిపించట్లేదు, లాభపడే జాతులు కొన్ని ఉన్నా సరే.

ఫిజిక్స్_పంతులు · గురువారం, ఉదయం 7:10

శ్రీనుగారూ, పాపకి ఇంట్లోనే చూపించొచ్చు. లీటరు నీళ్ళలో 35 గ్రాముల ఉప్పు, రెండు చుక్కల ఫుడ్ కలర్ కలపండి. గిన్నె పక్కలకీ అడుగుకీ థర్మోకోల్ చుట్టండి, పైన మూత వద్దు. అలా అయితే సముద్రంలోలాగే పైనుంచి గడ్డకడుతుంది. సగం కట్టాక తీసి, మంచు ముక్కని మంచినీళ్ళతో ఒకసారి కడిగి రుచి చూడండి, మిగిలిన నీళ్ళూ రుచి చూడండి. రంగు ఎటు పోయిందో గమనించమనండి.

తణుకు_శ్రీను · శుక్రవారం, రాత్రి 9:00

చేశాం మాస్టారూ. మంచు దాదాపు తెల్లగా వచ్చింది, సన్నటి రంగు గీతలు నిలువుగా ఉన్నాయి. కింద నీళ్ళు కషాయం, నోట్లో పెట్టుకోలేకపోయాం. గీతలు వాణిగారు చెప్పిన నాచు కాపురముండే గొట్టాలేనని అదే చెప్పింది, నేను చెప్పక్కర్లేకపోయింది. థర్మోకోల్ పలుకులు ఫ్రీజరంతా పరుచుకుని మా ఆవిడతో చీవాట్లు పడ్డాయి, అది వేరే విషయం.

ఏయూ_అనూష · శనివారం, ఉదయం 11:40

ఇన్నాళ్ళూ చదువుతూనే ఉన్నాను, ఇప్పుడే అకౌంట్ తెరిచాను. వైజాగ్‌లో ఎమ్మెస్సీ మెరైన్ సైన్సు చేస్తున్నాను. మనవాళ్ళు ఈ రంగంలో ఉన్నారా? ఇక్కణ్ణుంచి వెళ్ళే దారి ఉందా? ఇంట్లో అడిగితే "ఆడపిల్లని అంత దూరమా" అంటున్నారు.

ట్రోమ్సో_వాణి · శనివారం, సాయంత్రం 4:25

అనూషా, మొదట ఇంట్లోవాళ్ళకి చెప్పు: 1983-84లో మూడో భారత యాత్రలోనే ఇద్దరు మహిళలు అంటార్కిటికా వెళ్ళారు. సుదీప్తా సేన్‌గుప్తా జియాలజిస్టు. అదితి పంత్ నీ సబ్జెక్టే, సముద్ర జీవశాస్త్రం.

దారి గోవాలోని ఎన్‌సీపీఓఆర్, అంటే జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం. అంటార్కిటికాలో మైత్రి, భారతి, ఆర్కిటిక్‌లో స్వాల్‌బార్డ్ దీవుల్లో హిమాద్రి, మన పరిశోధన స్థావరాలన్నీ దాని కిందే. హిమాద్రి దగ్గర ఫియర్డ్‌లో (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సన్నటి సముద్రపు పాయ) 2014లో ఇండార్క్ అనే పరికరాల తాడు దింపారు, 192 మీటర్ల లోతున. ఉష్ణోగ్రత, ఉప్పు, ప్రవాహాలు ఏడాదంతా కొలుస్తుంది. దాన్ని ఎన్‌సీపీఓఆర్‌తో కలిసి చేసింది చెన్నైలోని సముద్ర సాంకేతిక సంస్థ ఎన్‌ఐఓటీ. ధ్రువాల కోసం ప్రోవ్ అనే చిన్న రోబో చేసింది కూడా వాళ్ళే, నీకు యంత్రాలంటే ఇష్టమైతే అటు చూడు. సూక్ష్మజీవులైతే హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో ఎస్. శివాజీగారు 1980ల నుంచీ అంటార్కిటికా బ్యాక్టీరియామీద పనిచేశారు, కొత్త జాతుల్ని వర్ణించారు. ఆయన పేపర్లు చదవడం మొదలుపెట్టు.

వైజాగ్_డైవర్ · శనివారం, రాత్రి 9:50

సెలెక్టయితే మెడికల్ టెస్టులు గట్టిగా ఉంటాయి, తర్వాత ఉత్తరాఖండ్‌లోని ఔలిలో ఐటీబీపీ (ఇండో-టిబెటన్ సరిహద్దు పోలీసు) వాళ్ళ దగ్గర మంచుమీద ట్రైనింగ్. ఫిట్‌నెస్ ఇప్పట్నుంచే చూసుకో. ఈత వచ్చా?

ఏయూ_అనూష · ఆదివారం, ఉదయం 8:15

వచ్చు అన్నా. సముద్రంలో కాదు, స్విమ్మింగ్ పూల్లో.

వైజాగ్_డైవర్ · ఆదివారం, ఉదయం 8:40

చాలు. స్కూబా బేసిక్ కోర్సు చేద్దువుగాని, వర్షాలు తగ్గాక నీళ్ళు కాస్త తేరుకుంటాయి. ప్రైవేట్ మెసేజ్ పెట్టు, వివరాలు చెప్తాను.